వచ్చాడా? వచ్చిందా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

భయం పుట్టించే కథలు పంపమని గత సంచికలో అడిగిన పాపానికి మా బల్ల మీద ఇప్పుడు ఎన్నో శ్మశానాలు, లెక్కకు అందనన్ని గుడ్లగూబలు వచ్చి చేరాయి. కథలతో పాటు కథ ఎలా రాయాలన్న ప్రశ్నలు కూడా వచ్చాయి. అన్నిటికీ చోటు లేదు కనుక, ఒకదానితో ఒకటి సంబంధం ఉన్న ఆరింటిని ఎంచుకుని ఈ నెల జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: అయ్యా, నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. అమావాస్య రాత్రి, శ్మశానం, నక్కల ఊళ, తెల్లచీర కట్టుకున్న ఆకారం, అన్నీ పెట్టి ఒక కథ రాసి తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. వాళ్ళు నవ్వారు. మరో రోజు ‘కోతి పంజా’ అనే ఇంగ్లీషు కథను తెలుగులో నోటితో చెప్పాను. అందులో దయ్యం ఒక్కసారి కూడా కనబడదు. అయినా చివర తలుపు చప్పుడు దగ్గరికి వచ్చేసరికి గదిలో ఒక్కరూ కదలలేదు. ఈ తేడా ఎందుకు వచ్చింది?
– ఒక ఉపాధ్యాయుడు, నర్సంపేట

సమాధానం: మీ పిల్లలు నవ్వింది కథను చూసి కాదు, అందులోని సామాను చూసి. అమావాస్యను, నక్కను, తెల్లచీరను మొదట వాడినవారు నిజంగా భయపడే వాడి ఉంటారు. కానీ ఇన్నేళ్ళుగా చేతులు మారి మారి అవి ఇప్పుడు దుకాణం ముందు వేలాడగట్టిన బోర్డులైపోయాయి. బోర్డు చదివిన పాఠకుడు లోపల ఏ సరుకు దొరుకుతుందో ముందే తెలుసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. అలా సిద్ధమై కూర్చున్నవాణ్ణి భయపెట్టడం ఎవరి తరమూ కాదు.

‘కోతి పంజా’ 1902 నాటి కథ. రాసిన డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్‌కు ఆ రోజుల్లో హాస్య కథకుడిగానే ఎక్కువ పేరు. ఆ కథ అంత గట్టిగా నిలబడడానికి అదే కారణమేమోనని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఇంట్లో మనుషులు ఒకరినొకరు ఎలా ఆట పట్టించుకుంటారో హాస్యం రాసేవాడికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. కథ మొదట్లో బయట చలి, వాన. లోపల పరదాలు వేసి ఉన్నాయి, నిప్పు వెలుగుతోంది. తండ్రీ కొడుకులు చదరంగం ఆడుతున్నారు, తల్లి ఊలు అల్లుకుంటోంది. తండ్రి తన రాజును అనవసరంగా అపాయంలోకి నెట్టి, చేసిన తప్పు కొడుకు కంట పడకుండా బయటి గాలి చప్పుడు మీదికి మాట మళ్ళిస్తాడు. ఇంత చిన్న విషయంతో ఆ ఇల్లు మనదైపోతుంది. ఇండియాలో పనిచేసి వచ్చిన ఒక సైనికుడు ఆ ఇంటికి ఎండిన కోతి పంజాను తెస్తాడు. అది మూడు కోరికలు తీరుస్తుందట. ఇంటి మీద ఉన్న అప్పు తీరడానికి 200 పౌండ్లు కోరుకోమని కొడుకే నవ్వులాటగా సలహా ఇస్తాడు.

మరునాడు మంచి బట్టలు వేసుకున్న ఒక అపరిచితుడు గేటు దాకా వచ్చి మూడుసార్లు ఆగుతాడు, నాలుగోసారికి లోపలికి వస్తాడు. కొడుకు పనిచేసే కంపెనీ నుంచి వచ్చిన మనిషి. కొడుకు యంత్రంలో పడి చనిపోయాడు, కంపెనీ పరిహారం ఇస్తుంది. ఎంత అని తండ్రి అడుగుతాడు. 200 పౌండ్లు. ఈ ఘట్టమంతా పట్టపగలు జరుగుతుంది, ఇందులో చీకటి లేదు, అరుపు లేదు. నిన్న రాత్రి నవ్వుతూ పలికిన అంకె ఇవాళ మరొకరి నోట వినబడింది, అంతే. మీ పిల్లలు నిశ్శబ్దమైంది తలుపు చప్పుడు దగ్గర అని మీరు రాశారు కానీ, వాళ్ళ చెవులు నిక్కబొడుచుకున్నది ఈ అంకె దగ్గరేనని నా నమ్మకం.

ఇక చివరి రాత్రి. కొడుకును బతికించమని కోరుకో అని తల్లి పట్టుబడుతుంది. తండ్రి వణికిపోతాడు. చనిపోయి పది రోజులైంది, పైగా నేను వాణ్ణి బట్టలను బట్టి గుర్తుపట్టాను, అంటాడు. జేకబ్స్ శవాన్ని ఇంతకు మించి వర్ణించలేదు. ఆ ఒక్క మాట పాఠకుడి మనసులో పడేశాక మిగతా వర్ణనంతా పాఠకుడే తయారు చేసుకుంటాడు, అదీ ఎవరి ధైర్యానికి తగినంత వారు. కోరిక కోరుకున్నారు, ఏమీ జరగలేదు. కొవ్వొత్తి ఆరిపోయింది. ఇద్దరూ మాట్లాడకుండా పడుకుని గడియారం చప్పుడు వింటున్నారు. ఒక మెట్టు కిర్రుమంది, గోడలో ఎలుక పరుగెత్తింది. తండ్రి అగ్గిపెట్టె తీసుకుని కొవ్వొత్తి కోసం కిందికి దిగాడు. మెట్ల చివర అగ్గిపుల్ల ఆరిపోయింది. రెండోది గీయబోతుండగా వీధి తలుపు మీద, వినీ వినబడనంత మెల్లగా, ఒక తట్టు.

ఆయన పైకి పరుగెత్తి గది తలుపు వేసుకుంటాడు. ఏమిటా చప్పుడు అని భార్య అడిగితే, ఎలుక, మెట్ల మీద నన్ను దాటి పోయింది, అంటాడు. అప్పుడు ఆ తల్లి అనే మాట కథ మొత్తానికి నాకు అన్నిటికన్నా భయంకరమైనది. శ్మశానం రెండు మైళ్ళ దూరం ఉందన్న సంగతే మరిచిపోయాను, అంటుంది. కోరిక కోరుకున్న క్షణం నుంచి ఇప్పటిదాకా వాళ్ళు గడియారం వింటూ పడుకున్న ఆ సమయమంతా ఏం జరుగుతూ వచ్చిందో పాఠకుడికి ఆ ఒక్క వాక్యంతో తెలుస్తుంది. అది నడిచి వస్తోంది. రెండు మైళ్ళు. బట్టలను బట్టి తప్ప గుర్తుపట్టలేని ఆ స్థితిలో.

మీరు ఈ కథను తెలుగులో చెప్పారు కనుక మిమ్మల్ని ఒక సంగతి అడగాలి. తల్లి తలుపు తీయబోతుంటే తండ్రి ఆపుతూ ఏమన్నాడని మీరు చెప్పారు? ఇంగ్లీషు మూలంలో తల్లి ‘నా కొడుకు’ అంటుంది. తండ్రి మాత్రం మనిషిని సూచించే సర్వనామాన్ని వదిలేసి, వస్తువుకో జంతువుకో వాడేదాన్ని వాడతాడు. ‘దాన్ని లోపలికి రానివ్వకు’ అన్నమాట. మన భాషలో ఈ పని ఇంకా తేలిక, ఎందుకంటే తేడా క్రియలోనే ఉంది. తల్లి ‘వచ్చాడు’ అంటుంది, తండ్రి ‘వచ్చింది’ అంటాడు. కర్త అవసరమే లేదు. ‘వచ్చింది’ అన్న మాట ఆడమనిషికీ చెల్లుతుంది, కుక్కకూ చెల్లుతుంది, గాలివానకూ చెల్లుతుంది. ‘దర్వాజ దగ్గర నిలబడ్డది’ అని మన ఊళ్ళో ఎవరైనా అంటే, వచ్చింది మనిషో కాదో చెప్పకుండానే వాక్యం పూర్తవుతుంది. ఇంగ్లీషు రచయిత సర్వనామం మార్చి కష్టపడి సాధించే అనుమానాన్ని మన వ్యాకరణం మనకు ఉచితంగా ఇచ్చింది. పైగా మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఏం జరిగిందన్నది ఆఖరి మాట దాకా అట్టే పెట్టవచ్చు. ఇంతటి వసతి ఉన్న భాషలో కథ రాస్తూ గుడ్లగూబ మీద ఆధారపడవలసిన అగత్యం ఏమిటో నాకు అర్థం కాదు.

మా అవ్వ ఈ రహస్యాన్ని ఏ పుస్తకమూ చదవకుండానే పట్టుకుంది. ఎండాకాలం వాకిట్లో మంచాలు వేసుకుని పడుకున్నప్పుడు, రాత్రిపూట తెలిసినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలిచే దాని గురించి చెప్పేది. మూడుసార్లు పిలిచేదాకా పలకవద్దు బిడ్డా, అనేది. అది ఎలా ఉంటుందని మేము ఎంత అడిగినా చెప్పేది కాదు. నడిరాత్రి మా అమ్మ లేచి నీళ్ళు కావాలా అని ఒక్కసారి పిలిస్తే చాలు, దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా మేము మూడో పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ళం. మన పల్లెల్లో ఒకప్పుడు తలుపుల మీద సున్నంతోనో బొగ్గుతోనో రాసిన ‘ఓ స్త్రీ రేపు రా’ మీకు గుర్తుండే ఉంటుంది. అందులో భయం ‘స్త్రీ’ అన్న మాటలో లేదు, ‘రేపు’ అన్న మాటలో ఉంది. పొమ్మనే ధైర్యం లేక రేపు రమ్మన్నారు. అంటే రేపు వస్తుందని ఇంటివాళ్ళే తలుపు మీద ఒప్పుకున్నారు.

ప్రశ్న: మొదటి వాక్యం నుంచే భయం పుట్టించాలని కొందరు, మామూలుగా మొదలుపెట్టి మెల్లగా భయంలోకి తీసుకెళ్ళాలని కొందరు అంటున్నారు. ఏది సరైన పద్ధతి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: రెండు పద్ధతులకూ గొప్ప ఉదాహరణలు ఉన్నాయి. మొదటి పద్ధతికి పెద్ద దిక్కు అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో. 1842లో ఆయన మరో రచయిత కథలను సమీక్షిస్తూ, కథంతా కలిసి ఒకే ప్రభావాన్ని కలిగించాలని, మొదటి వాక్యమే ఆ ప్రభావానికి తోడ్పడకపోతే రచయిత తొలి అడుగులోనే ఓడిపోయినట్టని రాశాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1839లో, ఆయన ప్రచురించిన ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’ ఆ సూత్రానికి నమూనా. మబ్బులు కిందికి దిగి వేలాడుతున్న, చప్పుడు లేని, మసక పట్టిన శరత్కాలపు పగలు ఒక మనిషి గుర్రం మీద పాత భవనం దగ్గరికి వస్తాడు. భవనాన్ని చూడగానే మనసు కుంగిపోతుంది. చూసే కోణం మార్చుకుంటే దిగులు తగ్గుతుందేమోనని ఎదురుగా ఉన్న నల్లటి చెరువులోకి చూస్తే, తలకిందులుగా కనబడిన భవనం ఇంకా ఎక్కువ భయపెడుతుంది.

ఇంతవరకు చదివి, పో కేవలం విశేషణాలతో నెట్టుకొచ్చాడని అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి ఆ వర్ణన మధ్యలో ఆయన ఒక మేస్త్రీ చూపుతో ఒక వివరం పెట్టాడు. పైకప్పు నుంచి మొదలై గోడ మీద వంకర టింకరగా దిగి చెరువు నీళ్ళలో కలిసిపోయే పగులు ఒకటి ఉంది, జాగ్రత్తగా చూస్తే తప్ప కనబడదు. చివర ఆ భవనం కూలిపోయేది సరిగ్గా ఆ పగులు వెంటే. పో కథలను అనుకరించేవాళ్ళు మబ్బులను తీసుకుంటారు, పగులును వదిలేస్తారు.

రెండో పద్ధతికి పెద్ద ఇంగ్లండుకు చెందిన ఎం. ఆర్. జేమ్స్. కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలో ప్రాచీన రాతప్రతులను పరిశీలించే పండితుడు, క్రిస్మస్ రోజుల్లో మిత్రులకు చదివి వినిపించడానికి దయ్యం కథలు రాసేవాడు. పాత్రలను వాళ్ళ రోజువారీ పనుల్లో ప్రశాంతంగా పరిచయం చేయాలి, ఆ ప్రశాంతతలోకి ఆ కీడు ముందు అంతగా కనబడకుండా తల పెట్టాలి, తర్వాత మెల్లమెల్లగా రంగస్థలమంతా ఆక్రమించాలి, అని 1924లో ఒక సంకలనానికి రాసిన ముందుమాటలో ఆయన చెప్పాడు. 1904లో వచ్చిన ఆయన తొలి సంపుటిలో, దయ్యాలను నమ్మని ఒక ప్రొఫెసర్ సముద్రపు ఒడ్డున సత్రంలో దిగే కథ ఒకటి ఉంది. గదిలో రెండు మంచాలు. ఆయన ఒకదాని మీద పడుకుంటాడు, రెండోది ఖాళీ. ఉదయం గది సర్దడానికి వచ్చిన పనిమనిషి, రెండు పక్కలూ నలిగి ఉన్నాయని చెబుతుంది. పెళ్ళికో పరీక్షకో వెళ్ళి లాడ్జిలో రెండు మంచాల గదిలో ఒంటరిగా పడుకున్న ఎవరికైనా ఆ తర్వాత నిద్ర పట్టదు. చివర వచ్చే ఆకారానికి కూడా ఆయన కోరలూ కొమ్ములూ పెట్టలేదు. నలిగిన దుప్పటే ముఖమైంది.

మీరు ఇప్పుడే రాయడం మొదలుపెట్టారు కనుక రెండో దారిలో వెళ్ళమంటాను. మొదటి దారిలో నడవాలంటే వాక్యం మీద పో చూపినంత పట్టు ఉండాలి, అది లేకపోతే మబ్బులు మాత్రమే మిగులుతాయి.

ప్రశ్న: ఇప్పుడు ఊరూరా కరెంటు, చేతిలో సెల్‌ఫోన్, వీధిలో సీసీ కెమెరా ఉన్నాయి. దయ్యాలను నమ్మేవారూ తగ్గారు. ఇక భయం కథకు చోటెక్కడ?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

సమాధానం: వెలుగు వల్ల భయం పోతుందన్నది సగం నిజమే. చిన్న వెలుగు చుట్టూ ఉన్న చీకటిని మరింత చిక్కగా చేస్తుంది. పో 1843లో ప్రచురించిన ‘ది టెల్-టేల్ హార్ట్’లో హంతకుడు మూసి ఉంచిన కందీలుతో ఏడు రాత్రులు వరుసగా ముసలాయన గదిలోకి వెళతాడు. ఎనిమిదో రాత్రి బొటనవేలు రేకు మీద జారి చిన్న చప్పుడవుతుంది. ఎవరది అని ముసలాయన లేచి కూర్చుంటాడు. ఆ తర్వాత గంటసేపు హంతకుడు కండరం కదపడు, ముసలాయన మళ్ళీ పడుకున్న చప్పుడు కూడా వినబడదు. ఇద్దరూ ఒకే చీకట్లో ఒకరినొకరు వింటూ ఉన్నారు. చివరికి కందీలు సందులోంచి వదిలిన సన్నని వెలుగు గీత నేరుగా ఆ ముసలాయన కంటి మీద పడుతుంది, ఇంకేమీ కనబడదు. మీ సెల్‌ఫోన్ టార్చి చేసేది సరిగ్గా ఆ కందీలు పనే. బావి దగ్గరో గొడ్ల కొట్టం దగ్గరో దాన్ని వెలిగించి, అది చూపించని చోటు ఎంత ఉందో గమనించండి.

సీసీ కెమెరా సంగతికి వస్తే, ఫ్రెంచి రచయిత మొపాసా 1887లోనే దానికి జవాబు చెప్పాడు. ‘హోర్లా’ అనే కథలో ఒకతను రాత్రి పడక పక్కన పెట్టుకున్న నీళ్ళు తెల్లవారేసరికి ఖాళీ అవుతుంటాయి. నిద్రలో తానే తాగుతున్నాడేమోనని అనుమానించి, కూజాకు తెల్లటి పల్చని గుడ్డ చుట్టి, తన పెదవులకూ గడ్డానికీ చేతులకూ నల్లటి గ్రాఫైట్ పొడి పూసుకుని పడుకుంటాడు. ఉదయం చూస్తే గుడ్డ మీద మరక లేదు, కూజాలో నీళ్ళూ లేవు. నమ్మని మనిషి, పరీక్ష పెట్టిన మనిషి, తన పరీక్షే తనను ఓడించాక పడే భయం నమ్మేవాడి భయం కన్నా పదింతలు. కాబట్టి నమ్మకం తగ్గిన కాలం ఈ కథలకు మంచి కాలమేనని అనుకుంటున్నాను.

ప్రశ్న: మా ఇంటి దగ్గరి మెట్ల బావి మీద కథ రాస్తున్నాను. మొదటి పేరా పంపుతున్నాను, సరిదిద్దగలరు: ‘అది చిమ్మచీకటి. భయంకరమైన నిశ్శబ్దం. పాడుబడిన మెట్ల బావి భూతంలా నోరు తెరుచుకుని ఉంది. అతని గుండె దడదడ కొట్టుకుంది. ఒళ్ళు జలదరించింది. ఎక్కడో నక్క ఊళ వేసింది. హఠాత్తుగా లోపలి నుంచి వికృతమైన నవ్వు వినిపించింది.’
– ఒక యువ రచయిత, శివనగర్, వరంగల్

సమాధానం: మీరు వరంగల్ రైల్వే స్టేషన్ వెనుక ఉండి రాస్తున్నారు. ఆ మెట్ల బావి చుట్టూ ఇళ్ళే ఉన్నాయి. అక్కడ రాత్రిపూట వినబడేవి రైలు కూత, పక్కింటి టీవీ, కుక్కర్ విజిల్. ఆ నక్క ఏ దారిన వచ్చింది? మీరు చూసిన, విన్న వస్తువులను పక్కకు పెట్టి ఎవరి కథలోంచో నక్కను తెచ్చుకున్నారు, అందువల్ల మీ బావి కూడా ఎవరి బావో అయిపోయింది. ‘భయంకరమైన’, ‘వికృతమైన’ అన్న మాటలు పాఠకుడికి ఆజ్ఞలు. భయపడు అని ఆజ్ఞాపిస్తే ఎవరూ భయపడరు. గుండె దడ, ఒళ్ళు జలదరింపు పాత్ర పడవలసినవి కావు, పాఠకుడు పడవలసినవి. బావిని ముందే భూతంతో పోల్చేశారు కనుక తర్వాత నిజంగా భూతం వచ్చినా కొత్తగా ఏమీ ఉండదు. ఆ పేరానే ఇలా ప్రయత్నించాను:

‘పొద్దున పిల్లలు ఆడుకుంటూ బావి మూడో మెట్టు మీద వదిలేసిన బొక్కెన తెమ్మని అమ్మ పంపింది. పక్కింట్లో సీరియల్ నడుస్తోంది, కుక్కర్ రెండో విజిల్ వేసింది. అతడు సెల్‌ఫోన్ వెలుగులో మెట్లు దిగాడు. ఒకటి, రెండు, మూడు. బొక్కెన అక్కడ లేదు, ఏడో మెట్టు మీద ఉంది. పిల్లలే జరిపి ఉంటారనుకుని ఏడో మెట్టు దాకా దిగి దాన్ని అందుకున్నాడు. నిండా నీళ్ళున్నాయి. నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి. అతడు వెనక్కి తిరిగి, లెక్కపెట్టుకుంటూ ఎక్కడం మొదలుపెట్టాడు. ఆరు, ఏడు. ఎనిమిది. పైన కుక్కర్ మూడో విజిల్ ఇంకా రాలేదు.’

ఇది గొప్ప పేరా అని నేను అనను, మీ ఊరు మీకు తెలిసినంతగా నాకు తెలియదు కూడా. అయితే రెండు సంగతులు గమనించండి. నీళ్ళు ఊగుతున్నాయంటే ఆ బొక్కెనను ఎవరో ఇప్పుడే అక్కడ పెట్టారు. ఆ ‘ఎవరో’ను నేను రాయలేదు. దిగినప్పుడు ఏడు మెట్లు, ఎక్కుతుంటే ఎనిమిది. అంకెలు ఇచ్చాను కనుక పాఠకుడు తానే లెక్క సరిచూసుకుంటాడు, లెక్క తప్పిందని తానే కనుక్కుంటాడు. నేను చెప్పినదాన్ని కొట్టిపారేయవచ్చు కానీ, తాను కనుక్కున్నదాన్ని కొట్టిపారేయలేడు. కుక్కర్ విజిల్ సంగతి కొంచెం అతిగా ఉందని మీకు తోస్తే తీసేయండి. నాకూ ఆ అనుమానం ఉంది.

ప్రశ్న: బాణామతి, చేతబడి మా ప్రాంతంలో అందరికీ తెలిసిన విషయాలు. వాటితో భయం కథ రాస్తే వేసుకుంటారా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

సమాధానం: బాణామతి నిజంగా పనిచేసినట్టు, చేసినవాడికి తగిన శాస్తి జరిగినట్టు రాస్తే వేసుకోము. కోతి పంజా కథ చదివి ఎవరూ పక్కింటివాణ్ణి కొట్టలేదు. బాణామతి చేశారన్న అనుమానంతో మన తెలంగాణ పల్లెల్లో మనుషులను కొట్టారు, పళ్ళు ఊడబెరికారు, చంపారు కూడా. అటువంటి అనుమానానికి కథ ఒక సాక్ష్యం కాకూడదు. కానీ అదే విషయాన్ని అవతలి వైపు నుంచి రాసి చూడండి, తల్లీ. ఊళ్ళో ఒక పిల్లవాడికి జ్వరం తగ్గలేదు. ఒంటరిగా ఉండే ఒక ముసలామె ఇంట్లో దీపం తగ్గించి, బేడం పెట్టి కూర్చుంది. బయట అడుగుల చప్పుడు ఒకటి కాదు, చాలా. తలుపు తడుతున్నవాళ్ళందరి గొంతులూ ఆమె గుర్తుపట్టగలదు. ఆమె ఎత్తుకుని పెంచిన పిల్లలవే కొన్ని. ఆ కథ పంపండి, పేజీలు మేము చూసుకుంటాము.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. లెవెల్ క్రాసింగ్ దగ్గర రాత్రిపూట కనబడే ఒక కందీలు గురించి కథ పంపాను. చివర ఆ కందీలు మోసేది ఎవరో రెండు పేరాల్లో వివరించాను. మా అబ్బాయి ఆ వివరణ వద్దంటున్నాడు. ముగింపు చెప్పకుండా వదిలేయడం పాఠకుణ్ణి మోసగించడం కాదా?
– ఒక పాఠకుడు, కాజీపేట

సమాధానం: రైలుకూ ఈ కథలకూ పాత చుట్టరికమే ఉంది. 1865 జూన్‌లో ఇంగ్లండులో జరిగిన ఒక రైలు ప్రమాదం నుంచి బయటపడ్డ చార్లెస్ డికెన్స్, మరుసటి సంవత్సరం ‘ది సిగ్నల్-మ్యాన్’ రాశాడు. సొరంగం ముందు ఎర్రదీపం దగ్గర ఒక ఆకారం చెయ్యి ఊపుతూ హెచ్చరిస్తుంది, హెచ్చరించిన ప్రతిసారీ ఏదో ఒక ఘోరం జరుగుతుంది. చివరికి సిగ్నల్ మనిషే రైలు కింద పడతాడు. డ్రైవరు తాను ఎలా అరిచాడో, చెయ్యి ఎలా ఊపాడో చెబుతాడు. ఆ మాటలు, ఆ సైగ మనం ముందే విన్నవి, చూసినవి. డికెన్స్ ఆ సంగతి మాత్రం చెప్పి ఊరుకున్నాడు, ఎందుకలా జరిగిందో చెప్పలేదు.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ రవీంద్రనాథ్ ఠాగూర్ 1895లో రాసిన ‘క్షుధిత పాషాణ్’. ఒక జంక్షన్‌లో కనెక్షన్ రైలు కోసం ఎదురుచూస్తూ ఇద్దరు బంధువులు ఒక అపరిచితుడి కథ వింటారు. అతడు నిజాం సర్కారు కొలువులో చేరి పత్తి సుంకం వసూలు చేసే అధికారిగా బరీచ్ అనే ఊరికి వెళ్ళాడట. పగలంతా కోటు, టోపీ వేసుకుని పత్తి లెక్కలు రాసుకునే మనిషి, పొద్దు వాలితే పాత పాలరాతి భవనంలో, కనబడని ఆడపిల్లలు నవ్వుకుంటూ మెట్లు దిగి నదిలోకి పరుగెత్తే చప్పుళ్ళు వింటాడు. తెల్లవారుజామున ఒక పిచ్చివాడు ‘దూరంగా పోండి, అంతా అబద్ధం’ అని అరుచుకుంటూ భవనం చుట్టూ తిరుగుతాడు. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పత్తి బస్తాల మధ్య చీటీలు రాసే గుమాస్తాలను చూసినప్పుడల్లా నాకు ఆ మనిషి గుర్తొస్తాడు. భయం అతడికి పట్టినంతగా ఏ కవికీ పట్టదు, ఎందుకంటే అతడి చేతిలో ఉన్నవి లెక్కలు.

ఆ భవనం వెనుక ఉన్న అసలు కథ, ఒక పర్షియన్ బానిస పిల్ల కథ, చెప్పబోతున్నంతలో రైలు వచ్చేస్తుంది. ఫస్ట్ క్లాసు పెట్టెలోని ఒక ఇంగ్లీషు దొర ఆ అపరిచితుణ్ణి గుర్తుపట్టి లోపలికి పిలుచుకుంటాడు. కథ అక్కడే తెగిపోతుంది. మిగిలిన ఇద్దరిలో ఒకడు అంతా బూటకం, మనల్ని వెర్రివాళ్ళను చేశాడు అంటాడు, ఇంకొకడు ఒప్పుకోడు. ఆ వాదనతో వాళ్ళిద్దరికీ జన్మలో మళ్ళీ పొసగలేదు. అంటే మీరు అడిగిన ‘ఇది మోసం కాదా’ అన్న ప్రశ్నను ఠాగూర్ కథలోనే ఒక పాత్ర చేత అడిగించాడు. ఆయన దాచింది కారణాన్ని మాత్రమే. భవనం, నది, అడుగుల చప్పుడు, పిచ్చివాడి కేక, వీటిలో ఏదీ దాచలేదు. చూడవలసినదంతా చూపించి, కారణం దగ్గర ఆపితే అది మోసం కాదు. చూపించవలసినదే ఎగ్గొట్టి, అంతా పాఠకుడి ఊహకు వదిలేశాను అనడం మోసం. అలాంటివి ఈ నెల మాకు నాలుగైదు వచ్చాయి.

మీ కథ అలాంటిది కాదు. గేటు వేసే చప్పుడు, పట్టాల మీద చెవి పెట్టి రైలు ఎంత దూరంలో ఉందో చెప్పే ముసలి గేట్‌మన్, కందీలు అద్దానికి పట్టిన మసి, అన్నీ పనిచేసినవాడు మాత్రమే రాయగలిగినట్టు ఉన్నాయి. ఆఖరి రెండు పేరాల విషయంలో మీ అబ్బాయి మాటే సరి. గేట్‌మన్ తన కందీలు గూట్లోనే ఉందని చూసుకుని, మళ్ళీ కిటికీలోంచి పట్టాల వైపు చూసిన వాక్యం దగ్గర కథ ఆపడానికి మీకు సమ్మతమైతే ఒక కార్డు ముక్క రాయండి. వచ్చే సంచికలో వేసుకుంటాము.